మాటలు మేడ మీద, ఉరుములు కింద

ఆ ఏడాది మా భవనంలో ఎవరికైనా మాటలు వినబడాలంటే మేడ మీద మా ఆఫీసరు డీడీ గారి గదికి వెళ్లాల్సి వచ్చేది. ఉరుములు వినబడాలంటే కింద మా బడికి రావాలి. పక్క గదుల్లో వీణ, వేణువు, వానచినుకులు దొరికేవి. ఈ ఏర్పాటు ఎవరో తాగి చేసింది కాదు. నలుగురు చదువుకున్నవాళ్లు కూర్చుని, కాఫీలు తెప్పించుకుని, ఫైలు నడిపి, సంతకాలు పెట్టి చేసింది. తాగినవాడు చేసిన పని తెల్లారేసరికి సర్దుకుంటుంది. సంతకం పెట్టి చేసిన పనికి ఆ భాగ్యం లేదు.

నేను అంధ బాలికల ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచర్ని. బడి కింది అంతస్తులో ఉంది. పై అంతస్తులో మమ్మల్ని ఉద్ధరించే శాఖవారి జిల్లా కార్యాలయం ఉంది. మాకు లెక్కల మాస్టారు లేరు, సైన్సు మాస్టారు లేరు. బ్రెయిలీ పుస్తకాలు వస్తున్నాయని మూడేళ్లుగా కబురు మాత్రం వస్తోంది. తోచినప్పుడల్లా నేనే లెక్కలూ సైన్సూ చదివి వినిపించేదాన్ని గాని, నా నోట బీజగణిత సూత్రం కూడా సీసపద్యంలా వచ్చేది. పిల్లలు పాపం తల ఊపేవారు.

అలాంటి సమయంలో రాజధాని నుంచి పదో తరగతి పాఠాల డీవీడీలు వచ్చాయి. ఎవరో మహానుభావులైన మాస్టర్లు లెక్కలూ సైన్సూ చక్కగా విడమరిచి చెప్పారు. ఊరికే చెబితే బాగుండదని, పాఠానికి సినిమా హంగులన్నీ చేర్చారు. మధ్యలో వీణ, వెనకాల వాన, అధ్యాయం మారినప్పుడల్లా ఒక ఉరుము. అంతా బాగుంది, పెట్టి వినడానికి మా దగ్గర ఏమీ లేదు. టీవీ అడిగితే 'చూపు లేనివారికి టీవీ అనవసర వ్యయం' అని అంతకుముందే రాసి పంపారు. సెల్‌ఫోను మాట్లాడటానికి తప్ప మరెందుకూ పనికిరాని రోజులవి.

ఈ పాఠాల కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది నూకరత్నం. పదో తరగతి. ఒకసారి వింటే చాలు, కామాతో సహా అప్పజెప్పేస్తుంది. తల్లి ఎర్రయ్యమ్మ జీడి షెడ్డులో పిక్కలు వలుస్తుంది. దసరా సెలవులకి పిల్లని తీసుకెళ్లడానికి వచ్చి నాతో తేల్చి చెప్పేసింది.

"పాసయితే పై సదువుకి అంపుతాను టీచరమ్మా. తప్పితే మాత్రం నాతోపాటు షెడ్డుకే. పిక్క వలవడానికి కళ్లెందుకని సావుకారు ఇప్పుడే అడిగేసినాడు."

"ఊరుకో ఎర్రయ్యమ్మా, అది తప్పే పిల్లేనా?"

"మీరు సెప్పీవోళ్లుంటే తప్పదు. సెప్పీవోళ్లేరీ?"

చెప్పేవాళ్లు డిస్కుల్లో ఉన్నారు, వాళ్లని బయటికి తీసే యంత్రం కావాలి. మా మరిది ఇంట్లో ఒక చవక హోమ్ థియేటర్ రిసీవరు ఉంది. డీవీడీలోంచి వచ్చే ధ్వనిని తీసుకుని స్పీకర్లకు పంచిపెట్టే యంత్రం అది. వాళ్లకు రెండే స్పీకర్లు. మాట ఆ రెండింట్లోంచీ ఖంగుమని వచ్చేది. నేను అది చూసి 'ఒక చవక రిసీవరు, రెండు స్పీకర్లు, ఒక డీవీడీ ప్లేయరు ఇప్పించగలరు' అని అరపేజీ రాసి మేడ మీద ఇచ్చాను. నాకు బుద్ధి లేదు, అరపేజీ రాశాను. ప్రభుత్వంలో అరపేజీ రాస్తే మిగతా అరపేజీ వాళ్లు నింపుతారు.

రెండు వారాలు తిరిగేసరికి 'ధ్వని విస్తరణ ఉపకరణ ఎంపిక ఉపసంఘం' వెలిసింది. అధ్యక్షులు మా ఉపసంచాలకులు, అంటే డీడీ, కుప్పిలి దివాకరరావు గారు. సభ్యులు సూపరింటెండెంటు బరాటం గవర్రాజు గారు, ఎకౌంట్స్ అధికారి పొట్నూరు లక్ష్మణమూర్తి గారు. నన్ను ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. అంటే కుర్చీ ఉంటుంది, మాట ఉండదు.

బల్ల మీద మూడు కంపెనీల కాగితాలున్నాయి. గవర్రాజు గారు మూడింటినీ యంత్రం వెనక భాగం బొమ్మ కనబడేలా తిప్పి పెట్టారు.

"ముందువైపు ఏముందండీ, ఒక గుండ్రటి మీట. విలువంతా వెనకాలే ఉంది. ఇదిగో, దీనికి ఇరవై ఆరు కన్నాలు. దీనికి ముప్ఫయ్యొకటి. దీనికైతే నలభై దాటిపోయాయి."

లక్ష్మణమూర్తి గారు వెంటనే కాలిక్యులేటరు తీశారు. ధరని కన్నాల సంఖ్యతో భాగించారు. కన్నం ఒక్కింటికి ఎంత పడుతుందో పట్టిక వేశారు. నలభై దాటిన యంత్రానికి కన్నం అతి చవగ్గా పడింది. గ్రామఫోను తగిలించడానికి ఒక కన్నం, ఆటల పెట్టెకి ఒకటి, పడగ్గదిలో వేరే పాట పెట్టుకోవడానికి నాలుగు. మాకు కావలసినవి మూడు.

నేను ఉండబట్టలేక అడిగాను. "అయ్యా, కొట్టుకి వెళ్లి ఒక్కసారి మాట ఎలా వినబడుతుందో వింటే సరిపోతుంది కదండీ?"

డీడీ గారు చిరునవ్వు నవ్వారు. ఆయన నవ్వితే ఫైలు మూసేసినట్టే.

"సుగుణావతి గారూ, వినడం అనేది వ్యక్తిగతమైన అభిప్రాయం. ఒకరికి బాగుంటుంది, మరొకరికి బాగుండదు. రేపు ఆడిట్ వారు వచ్చి దేని ఆధారంగా ఎంపిక చేశారని ప్రశ్నిస్తే, చెవి ఆధారంగా అని వ్రాయగలమా? కన్నం లెక్కకు దొరుకుతుంది."

అలా యంత్రం ఖాయమైంది. తర్వాత గవర్రాజు గారికి ఒక ధర్మసందేహం వచ్చింది. ఆ యంత్రం వెనకాల ఆరు స్పీకర్లకు చోటుంది. రెండే తగిలిస్తే మిగతా నాలుగు చోట్లూ ఖాళీగా ఉండిపోతాయి. ప్రభుత్వ ధనంతో కొన్న కన్నాన్ని ఖాళీగా ఉంచడం వనరుల దుర్వినియోగం కాదా? అవునని ఏకగ్రీవంగా తీర్మానించారు. రెండు స్పీకర్లు కాస్తా ఆరయ్యాయి. నేను లోలోపల సంతోషించాను కూడాను. పోనీ, ఎక్కువిస్తే పిల్లలకి ఇంకా బాగా వినబడుతుంది కదా అనుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

పెట్టెలు దిగాయి. వాటితోపాటు ఒక పుస్తకం వచ్చింది. అందులో ఒక బొమ్మ. ముందు వరసలో మధ్యన ఒక పెట్టె, దానికి కుడి ఎడమల చెరో పెట్టె, వెనక వరసలో రెండు, దూరంగా మూలన నేల మీద లావుపాటిది ఒకటి. మధ్య పెట్టెలోంచి మాటలు వస్తాయి. పక్కవాటిలోంచి సంగీతం, వెనకవాటిలోంచి వానా గాలీ, నేల మీద పెట్టెలోంచి ఉరుములూ డప్పులూ వస్తాయి. ఇవన్నీ ఒకే గదిలో మనిషి చుట్టూ పెట్టుకోవాలని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. చిన్నపిల్లాడు ఎప్పుడూ సన్మానసభ ఏర్పాటు చేసి ఉండడు. మా ఆఫీసువారు నెలకి రెండు చేస్తారు.

డీడీ గారు బొమ్మని చూసీ చూడగానే గుర్తుపట్టారు.

"ఇది వేదిక కదండీ! మధ్య ఆసనం కార్యాలయాధిపతిది. ఇరుపక్కలా సీనియారిటీ ప్రకారం తదుపరి అధికారులు. వెనక వరసలో సిబ్బంది ప్రతినిధులు. కంపెనీవారికి కూడా ప్రొటోకాల్ తెలుసన్నమాట."

"మరి ఈ నేల మీద, మూలన ఉన్నది?" అన్నారు లక్ష్మణమూర్తి గారు.

ముగ్గురూ కాసేపు ఆలోచించి, ఒకేసారి నావైపు చూశారు.

"అది లబ్ధిదారులకు" అన్నారు డీడీ గారు.

నేను మొత్తుకున్నాను. ఆరూ ఒకే గదిలో ఉండాలండీ, మా హాల్లో ఉండాలండీ అన్నాను. గవర్రాజు గారు నొచ్చుకున్నారు.

"ఏటండీ టీచరు గారూ, ఆరు పెట్టెలూ మీకే కావాలంటే ఎలాగండీ? మిగతా సెక్షన్లు ఏటైపోవాల? అయినా మీకిచ్చినది అన్నిట్లోకీ పెద్దది. తూకం వేసి చూసుకోండి, నాకిచ్చినది అందులో పావు వంతు ఉండదు."

డీడీ గారికి కుడిపక్క ఎవరు, ఎడమపక్క ఎవరు అనే దగ్గర పని వారం ఆగింది. గవర్రాజు గారు సర్వీసులో సీనియరు, లక్ష్మణమూర్తి గారు జీతం స్కేలులో సీనియరు. ఆఖరికి రాజధానికి రాసి వివరణ తెప్పించుకున్నారు. బొమ్మని ఎదురుగా నిలబడి చూడాలా, వేదిక మీద కూర్చుని చూడాలా అన్నది స్పష్టం చేస్తూ రెండు పేజీల వివరణ వచ్చింది. బ్రెయిలీ పుస్తకాల గురించి మూడేళ్లుగా రాయలేని చేతులే అవి రాశాయి.

గోడలకి తూట్లు పొడిచి తీగలు లాగారు. డీడీ గారి గదిలో మధ్య పెట్టె. అటూ ఇటూ గదుల్లో సంగీతం. రికార్డు గదిలోనూ యూనియన్ గదిలోనూ వాన. రిసీవరునీ డీవీడీ ప్లేయరునీ డిస్కులతో సహా ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. రిమోట్ డీడీ గారి జేబులోకి వెళ్లింది. అందువల్ల ఆయన క్యాంపుకి వెళ్లిన రోజు భవనమంతా సెలవే.

యంత్రంతో పాటు చిన్న మైకు ఒకటి ఇచ్చారు. వినే మనిషి కూర్చునే చోట దాన్ని పెడితే యంత్రం తానే ప్రతి పెట్టెలోనూ చప్పుడు చేసి, విని, సరిచేసుకుంటుందట. వినే మనుషులు ఎవరయ్యా అంటే ముప్ఫై మంది ఆడపిల్లలు. మైకు పెట్టింది డీడీ గారి కుర్చీలో. చుట్టూ నిశ్శబ్దం ఉండాలని పుస్తకంలో ఉండేసరికి, 'నేటి ఉదయం కార్యాలయ సిబ్బంది యావన్మందీ మౌనం పాటించవలెను' అని సర్క్యులర్ తిప్పారు. దాన్ని అందరికీ గట్టిగా చదివి వినిపించడంలోనే రెండుసార్లు యంత్రం పని పాడైంది. మూడోసారి గవర్రాజు గారి పెట్టె 'ఫూ' అనగానే ఆయన లేచి నిలబడి "సార్" అన్నారు. యంత్రం దాన్నే సర్దుబాటుగా భావించి ఊరుకుంది.

మొదటి పాఠం రోజు పిల్లలు తలలు దువ్వుకుని, రిబ్బన్లు కట్టుకుని హాల్లో కూర్చున్నారు. నూకరత్నం అందరికంటే ముందు వరసలో, పెట్టెకి చెవి ఆనించి కూర్చుంది. మేడ మీద మీట నొక్కారు.

గుమ్. గుమ్ గుమ్. కాసేపు ఏమీ లేదు. గుమ్మ్‌మ్.

"టీచరూ" అంది నూకరత్నం, "ఇది లెక్కలా, సైన్సా?"

నాకు ఒళ్లు మండిపోయింది. రెండేసి మెట్లు ఎక్కి మేడ మీదికి పోయాను. డీడీ గారి గదిలో మాస్టారి గొంతు ఎంత స్పష్టంగా వస్తోందో! వర్గ సమీకరణాన్ని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతున్నాడు. వినడానికి డీడీ గారూ ఆయన బల్ల మీది పేపర్‌వెయిటూ మాత్రమే. ఆయన సంతకాలు పెట్టుకుంటున్నారు.

బతిమాలి ఆయన్ని కిందికి తీసుకొచ్చాను. పెట్టె ముందు నిలబడి రెండు గుమ్ములు విన్నారు.

"శబ్దం వస్తోంది కదా?"

"శబ్దం వస్తోందండీ. మాట రావడంలేదు."

"మీ అభ్యర్థనలో మాట అనే పదం ఎక్కడా లేదు. స్పీకర్లు అన్నారు, ఇచ్చాము. ఇందులోని లోపం ఉపకరణంలో లేదు, గ్రహణశక్తిలో ఉంది. శిక్షణ ఏర్పాటు చేద్దాం."

చేశారు కూడా, వాళ్ల మొహం మండ! ఎక్కడి నుంచో ఒక నిపుణుడు వచ్చి 'మంద్రనాద గ్రహణ శిక్షణ' అని రెండు రోజులు నడిపాడు. పొట్టతో వినాలి, పాదాలతో వినాలి అన్నాడు. పిల్లలు బుద్ధిగా పొట్టలు పట్టుకుని కూర్చున్నారు. నూకరత్నం చివర్లో లేచి, "సారు, రెండు గుమ్ములంటే ఎక్స్ స్క్వేరేనా?" అని అడిగింది. ఆయన మెచ్చుకుని ఆ అమ్మాయికి మొదటి ధ్రువపత్రం ఇచ్చాడు. నివేదికలో నూటికి నూరు శాతం గ్రహణం అని రాశారు.

పోనీ డిస్కులు ఇవ్వండి, మా మరిది ఇంటికి పిల్లల్ని తీసుకెళ్లి వినిపిస్తానని అడిగాను. ప్రభుత్వ ఆస్తిని గడప దాటించే నిబంధన లేదన్నారు. పిల్లల్నే మీ గదికి పంపుతానన్నాను. అది కార్యాలయం, తరగతి గది కాదన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా దగ్గర పూజారి ఆ వరాన్ని తనే తెల్లారి నుంచి సాయంత్రం దాకా వింటూ కూర్చున్నాడు.

దారి నూకరత్నమే కనిపెట్టింది.

"టీచరు, సోమారం పూట ఆ గదిలోకి ఎవులైనా ఎల్లొచ్చంట గదా? మాయమ్మ పింఛనీకి ఎల్లింది. కూసోబెట్టి మాటాడతారంట."

నిజమే! సోమవారం ఫిర్యాదుల దినం. ఆ రోజు అర్జీ పట్టుకొచ్చినవాళ్లని గదిలోంచి పంపించే హక్కు డీడీ గారికే కాదు, ఆయన పైవాళ్లకి కూడా లేదు. అప్పుడప్పుడూ రాజధాని వాళ్లు ఫోన్ చేసి ఎంతమంది వచ్చారో అడుగుతారు కాబట్టి ఎంతమంది వస్తే ఆయనకి అంత పేరు.

ఆ సోమవారం పదో తరగతి పిల్లలంతా మేడెక్కారు. ఒక్కొక్కరి చేతిలో బ్రెయిలీలో పొడిచిన అర్జీ. డీడీ గారు అర్జీని ఇటు తిప్పారు, అటు తిప్పారు, వెలుతురుకి పెట్టి చూశారు. అది చదవగలవాళ్లు జిల్లాలో మేమే. అందుకని 'అనువాదం నిమిత్తం పాఠశాలకు పంపడమైనది' అని ఎండార్సు చేశారు. అర్జీ నా దగ్గరికే వచ్చింది. నేను అనువాదం చేస్తే ఫిర్యాదు తేలిపోతుంది, చెయ్యకపోతే పెండింగులో ఉంటుంది. పెండింగులో ఉన్నంతకాలం అర్జీదారు ప్రతి సోమవారం వచ్చి 'నా అర్జీ ఏమైంది' అని అడిగి, పిలుపు వచ్చేదాకా అక్కడే కూర్చోవచ్చు. ఇరవై ఏళ్లుగా నేను మేడ మీదివాళ్లని చూసి నేర్చుకున్న విద్యంతా ఆ అనువాదంలో చూపించాను. ఒక్క అక్షరం ముందుకు కదల్లేదు.

అలా సోమవారం సోమవారం మా పిల్లలు డీడీ గారి గదిలో నేల మీద వరసగా కూర్చుని లెక్కలు విన్నారు. మేడ మీద బీరువాలో డిస్కులు మార్చే వరసలో సోమవారం లెక్కలు, మంగళవారం సైన్సు. పేపరువాళ్లు వచ్చి ఫొటో తీసుకున్నారు, 'అంధ బాలికల గోడు వింటున్న అధికారి' అని. నూకరత్నం లెక్కల్లో ఎక్కడ అడిగినా తడుముకోకుండా చెప్పేది. సైన్సు కూడా దక్కించుకోవడానికి ఫిర్యాదుల దినాన్ని మంగళవారానికి మార్చమని ఇంకో అర్జీ పెడదామంది. పెట్టేలోపే కొంప మునిగింది.

జనవరిలో రాజధానిలో సమీక్ష జరిగింది. పెండింగు అర్జీల్లో మా జిల్లా మొదటి స్థానంలో నిలిచింది. డీడీ గారు మొహం కందగడ్డ చేసుకుని తిరిగొచ్చారు. ఆ పూటే నన్ను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి అర్జీలన్నీ చదివించుకున్నారు. అన్నిటిలోనూ ఒకటే మాట: 'అయ్యా, మాటలు మీ గదిలోనే వస్తున్నాయి, మాకు రావడంలేదు, న్యాయం చెయ్యండి.'

"ఇంతేనా?" అన్నారు. "ఇంత చిన్న సమస్యని ఇన్నాళ్లు పెండింగులో పెట్టారా?"

ఒక్క క్షణం నా మనసు ఆశపడింది. మధ్య పెట్టెని కిందికి దించేస్తారు కాబోలు అనుకున్నాను. నూకరత్నానికి సైన్సు కూడా దక్కుతుందనుకున్నాను.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది.

'అర్జీదారుల ఫిర్యాదును క్షుణ్ణముగా పరిశీలించడమైనది. మాటలు ఉపసంచాలకుల వారి గదియందు మాత్రమే వినవచ్చుట వివక్షాపూరితమని భావించి, సదరు గదియందు కూడ మాటలు నిలుపుదల చేయడమైనది. ఇందుమూలముగా ఉభయులకు సమానత్వము చేకూరినందున అర్జీలన్నియు పరిష్కరింపబడినవి.'

మధ్య పెట్టెకి గుడ్డ చుట్టి స్టోరులో పెట్టారు. మిగతా అయిదూ యథాతథం. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. నేను సైన్సు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గొంతు పోయేదాకా చదివి వినిపించాను. నాకు అర్థమైనది చెప్పాను, కానిది చదివాను. పక్కన పెట్టె గుమ్ గుమ్ అంటూనే ఉంది, ఆపమంటే వినియోగ శాతం పడిపోతుందన్నారు.

ఫలితాలొచ్చాయి. నూకరత్నానికి లెక్కల్లో బడి మొత్తానికి ఎక్కువ మార్కులు. సైన్సులో పాసు మార్కుకి రెండు తక్కువ. మేడ మీద లెక్కల మార్కుని పట్టుకుని 'శ్రవణ వైభవం విజయగాథ' అని పుస్తకం అచ్చువేశారు. సైన్సు సంగతి అడిగితే మంద్రనాదం చాలలేదని తేల్చి, మా హాలుకి ఇంకో ఉరుముల పెట్టె మంజూరు చేశారు.

నేను బస్సెక్కి జీడి షెడ్డుకి వెళ్లాను. ఎర్రయ్యమ్మ నన్ను చూసి తల తిప్పుకుంది. పక్కనే నూకరత్నం పీట మీద కూర్చుని పప్పు మీది పొట్టు తీస్తోంది. జీడిసొనకి వేళ్లు అప్పుడే నల్లబడ్డాయి. ఆ వేళ్లతోనే చుక్కలు తడిమి చదవాలి. నాకు దుఃఖం ఆగలేదు, దుఃఖాన్ని కోపంగా మార్చుకోవడం నాకు అలవాటు కాబట్టి కోప్పడ్డాను.

"రెండు మార్కులే నూకరత్నం! పరీక్షలో నీకు రాసిపెట్టిన ఆ పిల్ల చేత ఏం రాయించావే? ధ్వని ప్రయాణించడానికి ఏం కావాలి అన్న ప్రశ్నకి జవాబు నేను నీకు పదిసార్లు చెప్పలేదూ?"

"సెప్పినారు టీచరు. గాలి అని సెప్పినారు."

"మరి?"

"డీడీ గారి గది అని రాయించినాను."

షెడ్డులో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. పొట్టు తీసిన పప్పుని తడిమి చూసి బుట్టలో వేసింది.

"ఎటకారం కాదు టీచరు. నేను మరీ మరీ ఆలోసించినాను. గాలైతే మన హాల్లోనూ ఉంది గదా. మరి మాట మనకాడికి ఎందుకు రానేదు?"

నేను తెలుగు టీచర్ని. ఆ ప్రశ్నకి జవాబు సైన్సు మాస్టారు చెప్పాలి. ఆ పోస్టు ఖాళీగా ఉంది.